గడ్డికి కాపలా

2012 ఏప్రిల్ 20, శుక్రవారం. బౌల్డర్‌లోని యూనివర్సిటీ ఆఫ్ కొలరాడో క్యాంపస్‌లో అడుగు పెట్టాలంటే ఆ రోజు ఐడీ కార్డు చూపించాలి. బయటివాళ్లకు ప్రవేశం లేదు. నేను ఎమ్మెస్‌లో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. కార్డు చూపించి లోపలికెళ్లి లైబ్రరీ వైపు నడుస్తుంటే ముందు వాసన తగిలింది. మా నర్సీపట్నం సంతలో ఎండుచేపలమ్మే వరసలోకి తిరగ్గానే ముక్కుకు కొట్టే వాసన లాంటిదే, ఇంకాస్త పచ్చిగా ఉంది. నార్లిన్ లైబ్రరీ ముందు పచ్చిక మీద చేపలతో చేసిన ఎరువు చల్లారు. చుట్టూ టేపు కట్టారు. ఆ టేపు పొడుగునా పోలీసులు నిలబడి ఉన్నారు. లోపల ఒక్క మనిషి లేడు.

అంతకుముందు ఏడాది అదే రోజున ఆ చుట్టుపక్కలే పదివేల మందికి పైగా చేరారు. సాయంత్రం సరిగ్గా 4 గంటల 20 నిమిషాలకు అందరూ ఒక్కసారిగా గంజాయి వెలిగించారు. 1971లో కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్‌లో ఐదుగురు హైస్కూలు కుర్రాళ్లు బడి అయ్యాక 4:20కి లూయీ పాశ్చర్ విగ్రహం దగ్గర కలుసుకునేవారట. ఆ అంకె అలా అలా పాకి, నాలుగో నెల ఇరవయ్యో తేదీ గంజాయి తాగేవాళ్ల పండగైంది. బౌల్డర్‌లో ఆ పండగ యూనివర్సిటీకి పెద్ద తలనొప్పి. చదువులకు అడ్డమని, పేరు పోతోందని 2012లో గట్టిగా పట్టుపట్టారు. క్యాంపస్‌ మూశారు, ఎరువు చల్లారు, పిల్లల దృష్టి మళ్లించడానికి అదే సమయానికి గాయకుడు వైక్లెఫ్ జీన్‌తో ఉచిత కచేరీ కూడా పెట్టారు. అయినా కొన్ని వందల మంది ఇంకో మైదానానికి వెళ్లి 4:20కి వెలిగించుకున్నారు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఇదంతా మా నాన్నకు చెప్పాను. ఆయన అప్పుడు హెడ్ కానిస్టేబుల్. సర్వీసులో సగం చింతపల్లి రోడ్డు మీద చెక్‌పోస్టుల దగ్గరే గడిచింది. నేను చెప్పిందంతా విని అన్నాడు: "ఏట్రా, మనుషులెవరూ లేకుండా గడ్డికి కాపలా కాశారా?" కాసేపాగి ఇంకో మాట అడిగాడు. "మరి ఊళ్లో డ్యూటీలెవరు చూశారు?"

ఆ రెండో ప్రశ్నను నేనిన్నేళ్లుగా వదల్లేకపోతున్నాను. గంజాయి మంచిదా చెడ్డదా అని జనం తెగ వాదించుకుంటారు. నా మటుకు నాకు గంజాయంటే ఇష్టం లేదు, నేనెప్పుడూ ముట్టలేదు. మా ఊరి కుర్రాళ్లలో దాని వల్ల చదువు పాడైనవాళ్లు నాకు తెలుసు. కానీ అది వేరే వాదన. పోలీసు డిపార్టుమెంటు చేతిలో ఉన్నది మనిషి సమయం. ఒక మనిషి ఎనిమిది గంటలో పన్నెండు గంటలో ఎక్కడ నిలబడాలి, ఎటు చూస్తూ నిలబడాలి అన్నదే అసలు సంగతి. పోలీసోడి కొడుకుగా నాకు ఆ గంటల విలువ తెలుసు. బందోబస్తు డ్యూటీ చేసి ఇంటికొచ్చిన మా నాన్న కాళ్లు వేడినీళ్ల బకెట్లో పెట్టుకుని, మాట్లాడే ఓపిక కూడా లేక గోడకు ఆనుకుని కూర్చున్న రాత్రులు నాకిప్పటికీ కళ్లముందున్నాయి.

బౌల్డర్ ఆ పచ్చిక కోసం ఏళ్ల తరబడి ఏమేం చేసిందో చూడండి. 2006లో అప్పటి సభాస్థలం ఫారండ్ ఫీల్డ్. అక్కడ గంజాయి తాగుతున్నవాళ్లను పోలీసులు ఫొటోలు తీసి, 150 బొమ్మలు వెబ్‌సైటులో పెట్టి, గుర్తుపట్టి చెప్పినవాళ్లకు తలా 50 డాలర్లు ఇస్తామన్నారు. ఏ నేరానికి? కొలరాడోలో ఒక ఔన్సు లోపు, అంటే 28 గ్రాముల దాకా గంజాయి దగ్గరుంటే 1975 నుంచీ శిక్ష 100 డాలర్ల జరిమానా. 2010లో ఆ హద్దును రెండు ఔన్సులకు పెంచారు కూడా. సిగ్నలు దాటినవాణ్ణి పట్టుకోవడానికి ఫొటోలు అతికించి బహుమతి ప్రకటిస్తారా? ఫొటోలు తీసిందీ, అవి చూసి పేర్లు సరిపోల్చిందీ, కాగితాలు రాసిందీ జీతం తీసుకునే మనుషులే. అంత చేశాక జనం తగ్గారా అంటే, ఆ తర్వాత ఐదేళ్లకు పదివేలు దాటారు.

2012 సంగతి ఇంకా విచిత్రం. ఏప్రిల్లో ఎరువు చల్లారు. అదే ఏడాది నవంబరులో రాష్ట్ర ప్రజలు 64వ సవరణకు ఓటేసి, 21 ఏళ్లు నిండినవాళ్లు గంజాయి దగ్గరుంచుకోవచ్చన్నారు. సుమారు 55 శాతం మంది సరేనన్నారు. 2014 జనవరి 1న దుకాణాలు తెరుచుకున్నాయి. గంజాయి మీద వచ్చే పన్నులో ఏటా కొంత బడి భవనాలకు పోవాలని ఆ సవరణలోనే రాసి ఉంది. నేను టేపు పక్కన నడిచి వెళ్లిన రోజుకూ ఆ ఓటుకూ మధ్య ఏడు నెలలు కూడా లేవు. జనం మనసు అప్పటికే మారిపోయింది. ఆ మార్పును టేపుతో ఆపగలమనుకోవడానికి ఆ రోజు అంతమంది పోలీసుల సమయం ఖర్చయింది.

అయితే ఈ వాదనలో నాకు ఎదురు తగిలే రోజు ఒకటుంది. దాన్ని దాటేసి పోతే నిజాయితీ కాదు.

2013 ఏప్రిల్ 20, డెన్వర్ నడిబొడ్డున సివిక్ సెంటర్ పార్కు. గంజాయి చట్టబద్ధమయ్యాక వచ్చిన మొదటి పండగ కాబట్టి జనం వేలకు వేలు వచ్చారు. సాయంత్రం తుపాకీ పేలింది. ముగ్గురికి గాయాలయ్యాయి. జనం ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ పరిగెత్తారు. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి అక్కడుంది. చెప్పు ఒకటి పోగొట్టుకుని, మోకాలు చీరుకుపోయి, రాత్రి పదింటికి బస్సు దిగింది. ఏప్రిల్ 20 అంటే కొలరాడోలో ఇంకో అర్థం కూడా ఉంది. 1999లో అదే తేదీన కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపి 12 మంది పిల్లల్నీ ఒక టీచర్నీ చంపారు. ఆ తేదీన తుపాకీ చప్పుడంటే ఇక్కడి తల్లిదండ్రుల గుండె ఎలా ఆగిపోతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి "అక్కడ పోలీసులెందుకు, వదిలేయండి" అనేవాళ్లతో నేను ఏకీభవించను. పదివేల మంది ఒకచోట చేరితే, అది తిరునాళ్లయినా క్రికెట్ మ్యాచ్ అయినా పోలీసు ఉండాలి. గేటు దగ్గర సంచులు చూడాలి. అంబులెన్సుకు దారి ఖాళీగా ఉంచాలి. తొక్కిసలాట మొదలయ్యే మూల ఎక్కడుందో ముందే చూసుకోవాలి. తప్పిపోయిన పిల్లల్ని, స్పృహ తప్పినవాళ్లని చూసుకోవాలి. ఇవన్నీ చెయ్యాలంటే పోలీసు కళ్లు జనం చేతుల మీద, నడక మీద, గేటు మీద ఉండాలి. పెదాల మధ్య ఏముందో వెతుక్కుంటూ తిరిగే కళ్లు వీటిని చూడలేవు. ఒక్క జరిమానా చీటీ రాయడానికి ఒక పోలీసు కనీసం పది నిమిషాలు జనానికి వీపు పెట్టి, పుస్తకంలో తల దూర్చాలి.

2014లో డెన్వర్‌లో అదే జరిగింది. దుకాణాల్లో అమ్మకం చట్టబద్ధమే అయినా బహిరంగంగా తాగడం నిషేధం. ఆ నిషేధం ఇప్పటికీ ఉంది. పండగ రెండు రోజుల్లో పోలీసులు గంజాయి తాగినందుకు రాసిన చీటీలు 92. అక్కడికి వచ్చిన జనం వేలు, పదివేలు. వాళ్లలో తొంభై చిల్లర మందికి జరిమానా పడితే మిగిలినవాళ్లు నేర్చుకున్నదేమిటి? పోలీసు తనవైపు రాకపోతే చాలు అని నేర్చుకున్నారు. నిషేధం మీద గౌరవం పెరిగిందని నేను నమ్మను.

పైగా ఆ తొంభై మంది ఎవరు? వేల మంది ఒకే తప్పు చేస్తున్నప్పుడు ఎవరి దగ్గర ఆగాలన్నది పోలీసు ఇష్టం. పౌరహక్కుల సంస్థ అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ 2013లో బయటపెట్టిన లెక్క ప్రకారం, 2001 నుంచి 2010 దాకా దేశంలో గంజాయి అరెస్టులు 82 లక్షలు. అందులో నూటికి 88 కేవలం దగ్గరున్నందుకు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ దాదాపు సమానంగా వాడుతున్నా, నల్లవాళ్లు అరెస్టయ్యే అవకాశం 3.73 రెట్లు. ఆ చట్టాల అమలుకు ఒక్క 2010లోనే 360 కోట్ల డాలర్ల దాకా ఖర్చయిందని అంచనా వేశారు.

మనవాళ్లకు దీనిలో ఇంకో ముల్లు ఉంది. దాని గురించి తెలుగు కుర్రాళ్లకు నేను ప్రతి ఏప్రిల్లో చెబుతూనే ఉంటాను. కొలరాడో చట్టం ఏం చెప్పినా కేంద్ర చట్టం దృష్టిలో గంజాయి ఇంకా నిషిద్ధమే, వీసాలు కేంద్రం చేతిలో ఉన్నాయి. పౌరుడికి పార్కులో రాసిన చీటీ జరిమానాతో పోతుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాడికి అలా కాదు. వీసా స్టాంపింగుకు వెళ్లేముందు నింపే డీఎస్-160 దరఖాస్తులో మాదకద్రవ్యాల చట్టాలను ఎప్పుడైనా ఉల్లంఘించారా అని సూటిగా ప్రశ్న ఉంటుంది. అవునంటే ఒక చిక్కు. కాదంటే అబద్ధం చెప్పినట్టు, అది ఇంకా పెద్ద చిక్కు. లైసెన్సున్న గంజాయి దుకాణంలో ఉద్యోగం చేసినా పౌరసత్వానికి అడ్డం రావచ్చని 2019 ఏప్రిల్లో ఇమ్మిగ్రేషన్ శాఖ స్పష్టంగా చెప్పింది. మా అపార్టుమెంటులో ఉండే గుంటూరు కుర్రాడొకడు స్నేహితులతో పార్కుకెళ్లి చీటీ రాయించుకున్నాడు. పక్కనున్న అమెరికన్ మిత్రుడికీ అదే చీటీ, అదే మొత్తం. ఆ మిత్రుడు మర్నాటికి దాని సంగతే మర్చిపోయాడు. మావాడు ఇద్దరు లాయర్లకు డబ్బు కట్టి, ఇండియా వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని భయపడి అక్క పెళ్లికి వెళ్లలేదు. ముహూర్తం వేళకు మా హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చూశాడు. తలంబ్రాలప్పుడు లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

మరి ఆ గంటలన్నీ ఎక్కడ పెట్టాలి? నన్నడిగితే ముందు రోడ్డు మీద. సాయంత్రం నాలుగున్నరకు పార్కులో ఉన్న జనం ఆరింటికి కార్లెక్కుతారు. మద్యానికైతే ఊదించే గొట్టం ఉంది. గంజాయికి అంత నమ్మకంగా చెప్పే గొట్టం లేదు. రక్తంలో మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) ఉంటే మత్తులో నడిపినట్టు భావించవచ్చని 2013లో కొలరాడో చట్టం చేసింది. కానీ ఆ రక్తం తీయించేదాకా రావాలంటే, మనిషి కళ్లు, నిలబడే తీరు, మాట చూసి పసిగట్టగలిగే పోలీసు ఉండాలి. దానికి ప్రత్యేకంగా శిక్షణ ఉంది, అది అయినవాళ్లు కొద్దిమంది. ఒక్క ఏడాది పార్కు బందోబస్తులో చీటీల కోసం పెట్టే గంటలతో ఎంతమందికి ఆ శిక్షణ ఇప్పించవచ్చో ఎవరైనా లెక్క కట్టాలి.

రెండోది, పోలీసు అక్కర్లేని చోట. 2014 మార్చిలో వయోమింగ్ నుంచి డెన్వర్ వచ్చిన 19 ఏళ్ల విద్యార్థి గంజాయి కుకీ తిన్నాడు. దుకాణంలో ఒక్క ముక్క తినమని చెప్పారు. తిన్నాడు, కాసేపటికి ఏమీ అనిపించలేదు, మిగిలిందంతా తినేశాడు. ఆ ఒక్క కుకీలో ఆరుగురికి సరిపడా మత్తుమందుంది. హోటల్ బాల్కనీ మీంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత తినుబండారాల్లో 10 మిల్లీగ్రాములకు ఒక మోతాదు చొప్పున విడదీసి, గుర్తు వేసి అమ్మాలని రాష్ట్రం నిబంధనలు బిగించింది. అలాంటి పిల్లాణ్ణి కాపాడేది ఆ గుర్తు. పార్కులో రాసే చీటీ ఎన్ని వేలైనా అతని చేతిలోని కుకీ దాకా చేరదు.

మూడోది చెప్పడానికి నాకు కొంచెం సంకోచంగా ఉంది, ఎందుకంటే రెండిటికీ నేరుగా ముడి లేదు. లైంగిక దాడి జరిగిన ఆడవాళ్ల నుంచి సేకరించిన నమూనాలు పరీక్షించడానికి కొలరాడో రాష్ట్ర ల్యాబుకు 2025 మొదట్లో 500 రోజులకు పైగా పట్టేది. దానికి కారణాలు వేరు, పార్కు పోలీసులు కారు. కానీ ఖజానా ఒకటే. ఒక ఆడమనిషి ఏడాదిన్నర పాటు రిపోర్టు కోసం ఎదురుచూసిన రాష్ట్రంలో, పొగ కోసం ఓవర్‌టైము ఇచ్చామంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంటి వైపు చూస్తే అక్కడా ఇదే. గంజాయి తాగేవాళ్లను పట్టుకోవడమంటే కళ్లముందున్నవాణ్ణి పట్టుకోవడం, తేలిక పని. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లాపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అనే మాట వెతికిన వీడియోలు మనమంతా చూశాం. ఒక్కో ఫోనుకు ఎంతసేపు? ఆ సేపట్లో ఆ బీట్‌లో ఇంకేం చూడలేదు?

మత్తుమందుల చట్టం ఎన్డీపీఎస్ కింద గంజాయి కేసు ఒకటి కడితే ఎంత పని పడుతుందో నేను మా నాన్న దగ్గర విన్నాను. వీఆర్వోలను మధ్యవర్తులుగా పిలిపించాలి. మనిషి ఒంటి మీద వెతకాలంటే గెజిటెడ్ ఆఫీసరో మేజిస్ట్రేటో ముందుండాలని కోరే హక్కు నీకుందని అతనికి చెప్పాలి. తూకం వెయ్యాలి, శాంపిల్ తియ్యాలి, సీలు వెయ్యాలి, మధ్యవర్తుల నివేదిక రాయాలి, రిమాండుకు పెట్టాలి, ల్యాబుకు పంపాలి. తర్వాత ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగాలి. ఒక్కటి తప్పినా కేసు కొట్టేస్తారు. కిలో లోపు దొరికినా పని తగ్గదు. "ఎన్డీపీఎస్ కేసంటే ముగ్గురు మనుషులు స్టేషన్లో లేనట్టే" అనేవాడు.

2014లో ఆయన చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపి పట్టుకున్న గుంటడి గురించి మా ఇంట్లో చాలాసార్లు విన్నాం. జి.కె. వీధి అవతలి గూడెం వాడు, పంతొమ్మిదేళ్లు. సీటు కింద రెండు సంచులు, బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు, 22 కిలోలు. 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. బెయిలు దాదాపు రాదు, శిక్ష కనీసం పదేళ్లు. సంచులు ఎవరిచ్చారో వాడికి పేరు తెలియదు, తునిలో ఎవరో వచ్చి తీసుకుంటారన్నారు. ఆ తీసుకునేవాణ్ణి పట్టుకోవాలంటే తునిలో నలుగుర్ని మఫ్టీలో రెండు రోజులుంచాలి. నాన్న అడిగాడు. మనుషుల్లేరన్నారు. ఆ వారం అందరూ వేరే బందోబస్తులో ఉన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నాన్న గొంతు మారేది.

2019లో అమ్మా నాన్నా మా దగ్గరికొచ్చారు. నాన్న అప్పటికి రిటైరయ్యాడు. ఏప్రిల్ 20 శనివారం. చూడాలని ఆయనే అడిగాడు, సివిక్ సెంటర్‌కు తీసుకెళ్లాను. కంచె వేసి, గేట్ల దగ్గర సంచులు చూసి పంపుతున్నారు. నాన్న వేదిక వైపు చూడలేదు. గేటు దగ్గరెందరు, మూలల్లో ఎందరు అని పోలీసుల్ని లెక్కపెట్టాడు. 4:20కి పొగ ఒక్కసారిగా పైకి లేచింది, మేఘంలా పార్కు మీద నిలబడింది. నాన్న ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, మాకు దగ్గర్లో ఉన్న పోలీసాయన వైపే చూస్తున్నాడు. ఆయన పొగ వైపు తిరగలేదు. గేటు వైపే చూస్తూ నిలబడ్డాడు.

వచ్చేటప్పుడు నాన్న ఆయన దగ్గరికెళ్లి నన్ను అడగమన్నాడు, డ్యూటీ ఎన్ని గంటలని. ఈయన కూడా పోలీసేనని చెబితే ఆయన చెయ్యి కలిపాడు. పొద్దున్నించీ ఉన్నానని, ఇది అయ్యాక కొంతమందిని హైవే మీదికి పంపుతారని చెప్పాడు. నాన్నకు తెలుగులో చెప్పాను. తలూపాడు.

కార్లో చాలాసేపు మాట్లాడలేదు. కోల్‌ఫాక్స్ వీధిలో ఆకుపచ్చ బోర్డు పెట్టిన దుకాణం ముందు సిగ్నల్ పడింది. అద్దంలోంచి ధరల పట్టీ కనబడుతోంది. లోపల జనం వరసలో నిలబడి, బిల్లు తీసుకుని వస్తున్నారు. గ్రాము ఎంతని అడిగాడు, చెప్పాను. మనసులో లెక్కేసుకుంటున్నాడని పెదాలు కదలడం చూసి తెలిసింది. సిగ్నల్ మారింది.

"ఆ గూడెం గుంటడికి ఇంకా ఐదేళ్లుందిరా" అన్నాడు.